ఏడో నెంబరు ఎర్ర తువ్వాలు

1983 వేసవి. విశాఖపట్నంలో జంతుశాస్త్రం లెక్చరర్‌గా చేరి అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. నా పని చీమల మీద. పురుగు అనగానే ఏ మందు కొట్టాలి అని తప్ప ఇంకో ప్రశ్న పుట్టని రోజులవి. చీమలు వేల సంఖ్యలో గొడవ లేకుండా ఎలా కలిసి బతుకుతాయో చూస్తానంటే మా విభాగంలో నవ్వేవారు. "కూతురికి జడ వేసే తీరిక లేదు గానీ చీమలకు రంగులు పూస్తుందిట" అని స్టాఫ్ రూములో నా చెవిన పడేలాగే అనేవారు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ కోపంతోనే రోజూ ఇంకో గంట ఎక్కువ పనిచేసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో మాత్రం ఆ కోపం ఎవరి మీద చూపించాలో తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

రంగులు పూయడం నిజమే. అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసిన గాజు పెట్టెలో చీమల గూడు ఉండేది. బ్రష్షులోంచి ఒక్క వెంట్రుక పీకి, దాని కొసతో ఎనామిల్ పెయింటు చుక్క చీమ వీపు మీద పెట్టేదాన్ని. ఎరుపు చుక్కకు ఒకటి, పసుపుకు రెండు, ఎరుపూ పసుపూ పక్కపక్కన పెడితే మూడు. అలా ప్రతి చీమకూ ఒక నెంబరు. గూటి నుంచి పంచదార నీళ్ల గిన్నె దాకా రెండు అట్టముక్కల వంతెనలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. తిండి దొరికిన చీమ తిరిగొచ్చేటప్పుడు పొట్ట కొసను నేలకు తాకిస్తూ ఒక వాసన గీత గీస్తుంది. ఆ వాసన పదార్థాన్ని ఫెరమోన్ అంటారు. వెనకొచ్చేవి ఆ వాసన పట్టుకుని నడుస్తాయి, తామూ గీత గీస్తాయి. పొట్టి దారిన వెళ్లినవి తొందరగా తిరిగొస్తాయి కాబట్టి అక్కడ వాసన చిక్కబడుతుంది. గంట తిరక్కుండా బారు మొత్తం ఆ దారికి మళ్లుతుంది. ఇటు పదండి అని చెప్పిన చీమ ఒక్కటీ ఉండదు. రాణి చీమ అని పేరే గానీ, గుడ్లు పెట్టడం తప్ప అది ఎవరి మీదా పెత్తనం చేయదు. నడిపించేవాళ్లు లేకుండా ఇంత క్రమం ఎలా పుడుతుందన్నదే నా ప్రశ్న. ఇప్పుడు ఇలాంటివాటిని కాంప్లెక్స్ సిస్టమ్స్ అని గొప్పగా చెబుతున్నారు. అప్పట్లో అది నా పిచ్చి.

ఆ ఏడాది ఊళ్లో ఒక క్లబ్బువాళ్లు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. చీమల గురించి గంటసేపు మాట్లాడాను. జనం ఆవలింతలు మొదలుపెట్టేసరికి వాళ్లను నవ్వించాలనిపించింది. "హార్బరులో బస్తాలు మోసే కలాసీల వరస ఎప్పుడైనా చూశారా? అచ్చం చీమల బారే!" అన్నాను. హాలంతా నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

చప్పట్లు కొట్టినవాళ్లలో మూర్తి అనే ఆయన ఉన్నాడు. హార్బరు దగ్గర గోడౌన్లున్న ఒక ప్రైవేటు కంపెనీలో పర్సనెల్ ఆఫీసరు. అంటే పనివాళ్లను తీసుకోవడం, తీసేయడం చూసే మనిషి. కంపెనీ పేరు ఇక్కడ రాయను, అది ఇప్పుడు లేదు కూడా. రెండు రోజుల తరవాత అతను మా విభాగానికి కారు వేసుకుని వచ్చాడు.

"మేడమ్, మీ చీమలు తోసుకోకుండా వెళతాయన్నారు. మా కలాసీలు వ్యాగను దగ్గరి నుంచి గోడౌను దాకా బస్తా మోస్తూ ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. ఎక్కడ, ఎందుకు ఆగుతారో మీరు చూసి చెబితే మాకు చాలా ఉపకారం" అన్నాడు.

ఎనిమిదేళ్లలో నా పనిని ఒకరు పనికొచ్చే పని అనడం అదే మొదటిసారి. కారు పంపి పిలవడమూ అదే మొదటిసారి. పొంగిపోయాను. మా హెడ్డు కిటికీలోంచి చూస్తుండగా ఆ కారెక్కాను.

రైలు వ్యాగన్లలోంచి యూరియా బస్తాలు దించి గోడౌనులోకి మోయడం అక్కడి పని. మోసేవాళ్లు ఇరవై రెండు మంది. గోడౌనుకు వెళ్లడానికి రెండు దారులు. గోడకూ, ఆరుబయట టార్పాలిను కప్పి పేర్చిన బస్తాల నెట్టుకూ మధ్య సందులోంచి వెళితే దగ్గర. షెడ్డు చుట్టూ తిరిగి వెళితే దూరం. అందరూ సందులోంచే వెళ్లేవారు. నాకు ఆఫీసు మేడ మీద కిటికీ పక్కన కుర్చీ వేశారు. అక్కడి నుంచి సందు మొగ కనిపించేది, లోపల నెట్టు అడుగు కనిపించేది కాదు. మనుషుల్ని గుర్తుపట్టడానికి నాకు తెలిసిన పద్ధతే వాడాను. తలకు చుట్టుకున్న తువ్వాలు రంగును బట్టి ప్రతి ఒక్కరికీ ఒక నెంబరు వేసుకున్నాను. నీలం గళ్లు ఒకటి, పచ్చ అంచు రెండు. ఎర్ర తువ్వాలు ఏడు.

మూడు రోజులు చూశాను. పరిశీలించేవాళ్లు కలగజేసుకోకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. చీమల పెట్టె మీద ఊపిరి తగిలినా బారు చెదిరిపోతుంది. అందుకని కిందికి దిగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. టీ పైకే వచ్చేది.

మూడో రోజు ఉదయం పది దాటాక ఏడో నెంబరు సందు మొగ దగ్గర ఆగాడు. నెత్తిన బస్తాతోనే మూడు సెకన్లు నిలబడ్డాడు. తరవాత షెడ్డు చుట్టూ తిరిగే దారి పట్టాడు. వెనకున్నవాడు అతని వెంటే. ఆ వెనకవాడూ అంతే. అరగంటలో ఇరవై రెండు మందీ దూరపు దారిలో నడుస్తున్నారు. నా బల్ల మీద అట్టముక్కల వంతెనల మీద చూసింది ఇక్కడ ఎర్రటి ఎండలో, నిజం మనుషుల్లో జరుగుతోందని సంబరపడిపోయాను. "7 దారి మార్చాడు. 10.10. వెంట 8, 12, 3. 10.40కి అందరూ" అని రాసుకున్నాను. ప్రతి పేజీ కింద తేదీ వేసి సంతకం చేయడం మాకు అలవాటు. అక్కడా చేశాను.

సాయంత్రం మూర్తి నోటుపుస్తకం అడిగాడు. జిరాక్సు తీయించుకుని ఇచ్చేస్తానన్నాడు. సంతోషంగా ఇచ్చాను. ఆ పేజీ దగ్గర అతను కాసేపు ఆగాడు.

"ఎర్ర తువ్వాలా మేడమ్? అనుకున్నాను" అన్నాడు.

ఏం అనుకున్నాడో అడగాలని నాకు తోచలేదు.

పది రోజుల తరవాత క్లాసు ముగించుకుని వస్తుంటే ల్యాబు తలుపు పక్కన ఒకావిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో మడతలు పడ్డ కాగితం.

"అమ్మగోరూ, సీమల మేడమంటే మీరేనా?"

"నేనే. ఏం కావాలమ్మా?"

"నా పేరు నూకరత్నం. మా ఇంటాయన పైడిరాజు, గోడౌన్లో కలాసీ. మీ పొస్తకంలో ఆయన్ని ఏడో నెంబరని రాసేరంట." ఆమె గొంతు పెంచలేదు. "ఆయనకి పేరు నేదా అమ్మా? అడిగితే సెప్పీవాడు కదా."

కాగితం తీసుకుని చదివాను. ఛార్జిషీటు. పనిని కావాలని మందగింపజేశాడని, తోటివాళ్లను రెచ్చగొట్టి దారి మళ్లించాడని, ఆ కుట్రకు నాయకుడు అతనేనని రాశారు. సాక్ష్యం కింద విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సంతకం చేసిన పరిశీలన అని ఉంది. ఆ శాస్త్రవేత్త నేనే.

"పని ఆపేసినారమ్మా. ఇచారణ అయినాక పూర్తిగా తీసేత్తారంట. ఇక్కడ తీసేసినోడిని హార్బర్లో ఇంకే మేస్త్రీ పిలవడు. తువ్వాలు ఎర్రదని ఆ ఆపీసరు జెండా అంటన్నాడు. తగరపువలస సంతలో తెల్లవి అయిపోతే ఎర్రది కొన్నాడు. అంతేనమ్మా."

ఒళ్లు మండిపోయింది. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి ఆటో ఎక్కి నేరుగా కంపెనీకి వెళ్లాను. మూర్తి లేచి నమస్కారం పెట్టాడు, కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"నా నోటుపుస్తకంతో ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేస్తారా?"

"మేడమ్, మేం కొత్తగా ఏం కలపలేదు. మీరు రాసిందే చదివాం. ఏడో నెంబరు ముందు తిరిగాడు, మిగతావాళ్లు వెంట తిరిగారు. అబద్ధమా?"

"ముందు తిరిగినవాడు నాయకుడని నేను రాయలేదు. ఎందుకు తిరిగారో మీరు అడిగారా?"

"నెట్టు ఒరిగిందని కథ చెబుతున్నారు. నెట్టు లేదు, ఒరగడమూ లేదు. కావాలంటే కిటికీలోంచి చూడండి."

చూశాను. సందు పక్కన నేల ఖాళీగా ఉంది. నేను వెళ్లిపోయిన మర్నాడే వేరే కూలీలను పెట్టి ఆ నెట్టు విప్పి లోపల పేర్పించేశామని అతనే అన్నాడు. ఒరగని నెట్టును అంత హడావుడిగా ఎందుకు విప్పించారని అడిగాను. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. "టీ తాగుతారా మేడమ్?" అన్నాడు. ఆ మనిషి మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ కంపరమెత్తుతుంది. తిట్టేవాడితో తగువు పెట్టుకోవచ్చు, టీ ఇచ్చేవాడితో ఏం చేస్తాం?

ఆదివారం ప్రార్థన అయ్యాక కంచరపాలెం వెళ్లాను. రైలు పట్టాల పక్క వీధిలో ఒక గది ఇల్లు. పైడిరాజు గుమ్మంలో కూర్చుని చెప్పుకు మేకు కొడుతున్నాడు. మేడ మీది నుంచి నాకు తువ్వాలే కనిపించేది. కింద నలభై ఏళ్ల ముఖం ఉంది, మెడ మీద బస్తా రాసుకుని కాయ కట్టిన చోటు ఉంది. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క స్టూలూ నా ముందుకు జరిపాడు.

"ఆ రోజు సందు దగ్గర ఎందుకు ఆగావు?" అని అడిగాను. ఆ ప్రశ్న పన్నెండు రోజులు ఆలస్యమైంది.

"నెట్టుకి బొజ్జొచ్చినాదమ్మా."

"బొజ్జ ఏమిటి?"

"నెట్టు కట్టినాక తిన్నగా ఉండాల. మజ్జిలో ఉబ్బితే బొజ్జొచ్చినాదంటాం. బొజ్జొస్తే కూలుతాది. అడుగున రెండు బస్తాలు సితికిపోయి యూరియా కారతన్నాది. పైన ఇరవై వరసలున్నాయి. ఆ సందులో మడిసి ఎనకాల మడిసి ఎల్తన్నాం. ఒక్క బుజం తగిలితే సాలు."

"మేస్త్రీకి చెప్పలేదా?"

"సెప్పినాను. వ్యాగన్లు ఎల్లిపోవాల, నెట్టు సంగతి రేపు సూద్దామన్నాడు. రేపటికి మేం ఉండాల కదమ్మా. ఒరే, ఇటు రాకండ్రా, తోవ తిప్పండి అన్నాను."

నేను లెక్కపెట్టిన మూడు సెకన్లు అవి. నెత్తిన యాభై కిలోల బస్తాతో ఆ మనిషి నెట్టు అడుగు చూసి, కారుతున్న యూరియా చూసి, వెనకున్న ఇరవై ఒక్క మంది ప్రాణాల గురించి నిర్ణయం తీసుకున్నాడు. నేను పైన కూర్చుని స్టాప్ వాచీ నొక్కాను.

ఇక అతన్ని ఎలా కాపాడాలి? నెట్టు లేదు కాబట్టి దాని గురించి చెప్పినా నమ్మరు. తోవ తిప్పమని తనే అన్నానని ఒప్పుకుంటే ఛార్జిషీటు నిజమైపోతుంది. మిగతా కలాసీలు తమ నోటితో పైడిరాజు పేరు చెప్పకూడదని, ఎవరికి వాళ్లే తిరిగామనాలని ముందే అనుకున్నారు. అది విని నాకు ఉపాయం తట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే వరస దారి మారుతుందని నేను సాక్ష్యం చెబుతాను. ఎనిమిదేళ్లుగా నేను రుజువు చేస్తున్నదే అది. నా శాస్త్రంతో పడిన ముడి నా శాస్త్రంతోనే విప్పుతానని ఉత్సాహంగా చీమల సంగతంతా అతనికి వివరించాను.

అతను శ్రద్ధగా విన్నాడు. "అంటే నాను ఏటీ సెప్పనేదని సెప్తారా?" అన్నాడు చివరికి.

"అలా అంటేనే వదిలేస్తారు."

అతను మళ్లీ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. "మేడమ్ సెప్పినట్టు ఇను మావా, నీకు దణ్నం" అంది లోపలి నుంచి నూకరత్నం. అతను ఏమీ అనలేదు. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

విచారణ రోజు వచ్చింది. దీన్ని డొమెస్టిక్ ఎంక్వయిరీ అంటారు. కోర్టు కాదు. కంపెనీ తనే ఒక అధికారిని పెట్టుకుని తన పనివాడి మీద తనే విచారణ జరిపించుకుంటుంది. పిల్లి చేతికి చేపల బుట్ట ఇచ్చి కాపలా కాయమన్నట్టు. అధికారి ఒక రిటైరైన లాయరు. ఆ మేడ మీద గదిలోనే బల్ల వేశారు. వెనక బెంచీల మీద కలాసీలు ఎనిమిది మంది, ఒక చివర పైడిరాజు. నేను చీమల పెట్టె, వంతెనలతో సహా మోసుకెళ్లాను. లాయరుగారు కళ్లజోడు సర్దుకుని పెట్టె మీదికి వంగాడు. బిస్కెట్టు ముక్క విదిలించి అవి ఎలా పోగవుతాయో చూశాడు. ముచ్చట పడ్డాడు.

"అంటే వీటికి లీడరంటూ ఎవరూ లేరన్నమాట."

"లేరండి. ముందు తిరిగింది నాయకుడు కాదు. ఏదో ఒకటి ముందు తిరగాలి కాబట్టి తిరుగుతుంది."

గెలుస్తున్నామని నాకు తెలుస్తోంది. లాయరుగారు తల ఊపుతున్నాడు. అప్పుడు మూర్తి లేచాడు.

"మేడమ్, అయితే ఈ మనుషులు చీమల్లాంటివాళ్లనేనా మీరు చెప్పేది?"

"ఈ విషయం వరకు అవును" అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ముందున్నవాణ్ని చూసి వెనకవాడు నడిచాడు. అందులో ఎవరి ఆలోచనా లేదు."

బెంచీ కిర్రుమంది. పైడిరాజు నిలబడ్డాడు.

"అమ్మా, మీరు నా మంచికే సెప్తన్నారు. కోపగించుకోకండి. గానీ అది నిజం కాదు." తరవాత లాయరు వైపు తిరిగాడు. "బాబుగోరూ, తోవ తిప్పమన్నది నానే. ఈల్లు నన్ను సూసి తిరగనేదు. నెట్టుకి బొజ్జొచ్చినాదని నాను సెప్తే, వొచ్చినోడు వొచ్చినట్టు నెట్టు కేసి సూసుకున్నారు. సూసినాకే తిరిగినారు. ఆలోసన నేకుండా కాదు."

కిందటి నిమిషం దాకా చీమలతో ఆడుకున్న లాయరుగారు కలం తీశాడు.

"నెట్టు సంగతి ఈ ఛార్జిషీటులో లేదు. అది నాకు అనవసరం. దారి తిప్పమని చెప్పావా, లేదా?"

"సెప్పినాను."

"ఏం చెబుతున్నావో తెలుసా?"

"తెలుసు బాబూ."

రాసుకున్నాడు. ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటి, ఆ నెట్టు గురించి అడగలేదు. అడుగు బస్తాలు ఎందుకు చితికాయి, మేస్త్రీకి ఎప్పుడు చెప్పావు, ఆ నెట్టును మర్నాడే ఎవరు విప్పించారు, ఎందుకు విప్పించారు? చదువుకున్న మనిషి, నెరిసిన జుట్టు, చట్టం తెలిసినవాడు. నేను లేచి అరిచాను. ఇరవై రెండు మంది బతికి ఉన్నారు కాబట్టి మీకు ఇది నేరంలా కనిపిస్తోంది, ఇద్దరు పోయి ఉంటే ప్రమాదం అని రాసుకుని దండ వేసేవారు అన్నాను. సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలని లాయరుగారు మందలించాడు. మూర్తి కాగితాలు సర్దుకుంటున్నాడు. అతనికి కావలసింది అతనికి దొరికింది.

బయటికి వచ్చాక మెట్ల మీదే పైడిరాజును నిలదీశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కంపెనీ మీద, లాయరు మీద వచ్చిన కోపమంతా ఆయన మీద చూపించాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు.

"ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఉద్యోగం దక్కేది కదయ్యా! నూకరత్నానికి ఇప్పుడు ఏం చెబుతావు?"

ఆయన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఉద్యోగం దక్కీదమ్మా. మరి రేపు ఇంకో నెట్టుకి బొజ్జొస్తే? నాను తిరగండ్రా అంటే ఎవుడింటాడు? నువ్వేటీ సెప్పనేదని, సీమలాగ తిరిగినావని ఆపీసులో ఒప్పుకున్నావు కదరా అంటారు. మా పన్లో ఒకడి మాట ఒకడు ఇంటేనే పేణాలుంటాయి. అది పోగొట్టుకుని నాను ఆ సందులో ఎలగ నడుస్తానమ్మా?"

ఆయన తువ్వాలు మళ్లీ చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండు వారాలకు ఆర్డరు వచ్చింది. ఉద్యోగం తీసేశారు. కారణాల్లో మొదటిది ఆయన ఒప్పుకోలు, రెండోది నా నోటుపుస్తకం. నేను ఆ పరిశీలన వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మా హెడ్డు పిలిచి, "కలాసీల తగువులు మనకెందుకమ్మా, చీమల్ని చూసుకోండి" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన చీమల గురించి మంచి మాట అనడం అదొక్కసారే. హార్బరు వైపు పైడిరాజును ఎవరూ పిలవలేదు. కొన్నాళ్లకు ఎలమంచిలిలో ఒక రైసు మిల్లులో బస్తాలు మోసే పని దొరికింది. కంచరపాలెం నుంచి రోజూ పాసింజరు బండిలో వెళ్లొచ్చేవాడు. నేను ఇంటికి వెళితే నూకరత్నం స్టూలు వేసేది, మాట్లాడేది కాదు. అలా రెండుసార్లు వెళ్లాను. మూడోసారి ఆమెను ఇబ్బంది పెట్టాలనిపించలేదు.

ఆ తరవాత కూడా చీమల మీదే పనిచేశాను, పేపర్లు అచ్చేశాను. ఆ మూడు రోజుల లెక్కలు ఎక్కడా వాడలేదు. నా దగ్గర పరిశోధనకు చేరినవాళ్లు మనుషుల గుంపును చీమలతో పోలుస్తూ ఒక వాక్యం రాసినా ఎర్ర ఇంకుతో కొట్టేసేదాన్ని. ఆ పోలికలో అందం ఉంటుందని, కొంత నిజం కూడా ఉంటుందని వాళ్లు వాదించేవారు. ఉంటుంది. ఆ కొంత నిజమే పైడిరాజు ఉద్యోగం తీసింది.

చీమ దారి ఎందుకు మార్చిందో తెలుసుకోవాలంటే నాకు పెయింటు చుక్కలు, గాజు పెట్టె, స్టాప్ వాచీ కావాలి. ఎందుకంటే దాన్ని అడగలేను. పైడిరాజును అడగవచ్చు. ఆ మేడ గదికి పదిహేడు మెట్లు. మూడు రోజులు ఎక్కాను, మూడు రోజులు దిగాను. ఒక్కసారైనా సందు వైపు వెళ్లి, నీ పేరేమిటని అడగలేదు.